చిన్న విసుగులను గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 20:1–13, అపొస్తలుల కార్యములు 15:36–41, కొలొస్సయులకు 3:12–15



గొప్ప శ్రమలను గూర్చి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. పంట పోయినప్పుడు, వ్యాధి వచ్చినప్పుడు, ఇంటిలో మరణము సంభవించినప్పుడు విశ్వాసి ఎట్లు నిలువవలెనో పెద్దలు మనకు నేర్పిరి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనవంటి ఆపద వచ్చినప్పుడు మనుష్యులు తమ చిన్న తగాదాలను మరచి ఒకరి చేయి ఒకరు పట్టుకొందురు. అట్టి దినములకు తగిన కృపను దేవుడు అనుగ్రహించును.

అయితే ఉప్పెనలో నిలిచిన మనిషి వీధి కుళాయియొద్ద పడిపోవుట మేము చూచితిమి. అక్కడ ఒకరు వరుసలో ఒక బిందె పెట్టి నాలుగు బిందెలు నింపుకొందురు. పొరుగువారి గేదె మన గుమ్మము ఎదుటనే కట్టబడును. ఎదురింటివారు వాకిలి ఊడ్చి చెత్తను మన గడపవైపు త్రోయుదురు. అంట్లు తోమిన నీళ్లు మన గోడ ప్రక్కకే పారును. చేబదులు పోయిన చేటయు నిచ్చెనయు అడిగినగాని తిరిగి రావు. బస్సులో ప్రక్కవాడు ఫోనులో పాటలు బస్సంతటికి వినిపించును. ఇంటిలోనో, తడి తువ్వాలును మంచముమీద పడవేయు భర్త యుండును. చెప్పిన మాటనే పదిసార్లు చెప్పు అత్త యుండును. పిలిచినప్పుడు పలుకని కోడలుండును.

దేవుని మందిరములో మాత్రము ఈ బాధ లేదా? రెండవ పాట ముగిసినగాని రాని కుటుంబము ఒకటి ప్రతి సంఘములోను ఉన్నది. అందరికంటె ఒక అడుగు వెనుకగా పాటను సాగదీయు సహోదరి ఉన్నది. దేవునితో మాటలాడుచున్నట్టు మనకు బుద్ధి చెప్పు ప్రార్థనాపరుడున్నాడు. “కడపటి మాట చెప్పి ముగించెదను” అని మరి ఇరువది నిమిషములు మాటలాడు సంఘకాపరియు ఉన్నాడు.

వీటిలో ఏదియు పాపమని చెప్పజాలము. ఏదియు పంచాయతీకి తగినది కాదు. అయినను మన సంఘములలో మాటలు లేక యున్న కుటుంబములను లెక్కించి, మొదట ఏమి జరిగెనని విచారించినయెడల, సిద్ధాంతభేదము బహు అరుదుగా కనబడును. నీళ్లు పారిన కాలువ, తిరిగి రాని నిచ్చెన తరచుగా కనబడును. కాబట్టి ఈ నెల పాఠములో ఈ చిన్న సంగతులను గూర్చియే వాక్యములో వెదకుదము.

1. పెద్దదానిలో నిలిచి చిన్నదానిలో జారినవాడు

మోషే ఫరో ఎదుట నిలిచినవాడు. సముద్రముయొద్ద భయపడక జనులను ధైర్యపరచినవాడు. భూమిమీద నున్న వారందరిలో మిక్కిలి సాత్వికుడని సంఖ్యాకాండము 12వ అధ్యాయము అతనిని గూర్చి సాక్ష్యమిచ్చుచున్నది. అట్టి మనుష్యుడు కాదేషులో తన పెదవులను కాచుకొనలేకపోయెను.

అక్కడ జరిగినదేమి? నీళ్లు లేవు, జనులు సణిగిరి. దాహము చిన్న సంగతి కాదు గాని, ఆ సణుగుడు క్రొత్తది కాదు. ఐగుప్తును విడిచిన క్రొత్తలో రెఫీదీములో విన్న మాటలే మరల వినబడెను: మమ్మును ఎందుకు తీసికొని వచ్చితివి? ఐగుప్తే మేలు గదా? ఆ అధ్యాయము మొదటి వచనమును మనము త్వరగా దాటిపోవుదుము. మిర్యాము అక్కడనే చనిపోయి పాతిపెట్టబడెను. అక్కను మట్టిలో పెట్టిన మనిషి చెవిలో పాత సణుగుడు మరల పడెను. బండతో మాటలాడుమని దేవుడు సెలవియ్యగా, అతడు జనులను ద్రోహులని పిలిచి, బండను రెండుమారులు కొట్టెను. అతడు తన పెదవులతో ఆలోచన లేక పలికెనని 106వ కీర్తన చెప్పుచున్నది. ఆ దినమందు అతడు దేవుని పరిశుద్ధతను జనుల ఎదుట సన్మానింపలేదు. మోషే కనానును నెబో కొండమీదనుండి చూచెనే గాని దానిలో అడుగుపెట్టలేదు.

ఇందులో మనకు రెండు బుద్ధులున్నవి. మొదటిది, విసుగు బలము ఎదుటివాని అలవాటులో మాత్రమే లేదు. మన అలసటలో, మన దుఃఖములో, మన నిద్రలేమిలో ఉన్నది. నిన్న సహించిన దగ్గునే నేడు సహింపలేకపోయినయెడల, దగ్గు మారలేదు, మనమే మారితిమి. రెండవది, సాత్వికుడని పేరు పొందినవాడును కాపు లేక యుండరాదు. పెద్ద సంగతులలో మనము గెలిచిన జ్ఞాపకమే మనలను చిన్న సంగతులలో అజాగ్రత్తగా నుంచును.

2. ఇద్దరు మంచివారి మధ్య లేచిన జ్వరము

అంతియొకయలో పౌలును బర్నబాయు కలిసి పనిచేసిరి. పౌలును యెరూషలేములోని శిష్యులు నమ్మకపోయినప్పుడు అతని చేయి పట్టుకొని లోపలికి తీసికొనిపోయినవాడు బర్నబాయే. అట్టివారిద్దరు రెండవ ప్రయాణమునకు సిద్ధపడుచు, మార్కు అనబడిన యోహానును గూర్చి తగవులాడిరి. అతడు ముందు ప్రయాణములో పంఫూలియలో విడిచిపోయినవాడు. బర్నబా అతనిని వెంటబెట్టుకొని పోదమనెను, పౌలు వలదనెను. కడపట ఒకడు కుప్రకు, ఒకడు సిరియ కిలికియ దేశములకు వెళ్లిరి.

ఆ తగవునకు లూకా వాడిన గ్రీకు మాట “పరొక్సుస్మొస్”. పదునైనది, పుల్లనిది అను అర్థముగల మాటనుండి అది పుట్టినది. ప్రాచీన గ్రీకు వైద్యులు జ్వరము హెచ్చి మీదికి వచ్చు ఘట్టమునకు ఆ మాటనే వాడిరి. సెమినరీలో మేము దీనిని కంఠస్థము చేసితిమి గాని, దాని అర్థము గ్రామమునకు వచ్చిన తరువాతనే బోధపడెను. చలిజ్వరము వచ్చినవానిని చూడుడి. గంట క్రిందట బాగుగానే యుండును. ఇంతలో వణకును, ఒళ్లు కాలును, పలవరించును. విసుగును అట్టిదే. అది వచ్చిన గడియలో పలికిన మాట మన మాట కాదు, జ్వరపు మాట.

కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయములో, ప్రేమ ఏమి చేయదో చెప్పుచు పౌలు ఈ మాటకు సంబంధించిన క్రియాపదమునే వాడుచున్నాడు. ప్రేమకు అట్లు జ్వరము రేగదని భావము. ఆ వచనము వ్రాయునప్పుడు పౌలునకు అంతియొకయ జ్ఞాపకము వచ్చెనో లేదో మనకు చెప్పబడలేదు. అయితే తరువాత ఏమి జరిగెనో చెప్పబడినది. అదే పత్రిక 9వ అధ్యాయములో అతడు బర్నబాను తన తోడి పనివానిగా గౌరవముతో పేర్కొనెను. కొలొస్సయులు మార్కును చేర్చుకొనవలెనని వ్రాసెను. చెరసాలలో కడపటి దినములలో తిమోతికి వ్రాయుచు, మార్కు తనకు ప్రయోజనకరమైనవాడు గనుక అతనిని వెంటబెట్టుకొని రమ్మనెను. జ్వరము వచ్చుట ఒక సంగతి. దానిని జీవితాంతము పెంచుకొనుట మరియొక సంగతి.

ఇంకొక స్థలమున కూడ ఈ మాట కనబడును. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయము 24వ వచనములో, ప్రేమకును మంచి పనులకును ఒకరినొకరు పురికొల్పవలెనని చెప్పుచోట “పరొక్సుస్మొస్” అనియే యున్నది. ఇది ఎంత వింత! ఒకరినొకరు రేపుట క్రైస్తవులకు తప్పదు. దేనికి రేపుదుము? కోపమునకా, ప్రేమకా? సంగతి అంతయు ఇందులోనే ఉన్నది.

3. మా తప్పు

ఇతరులకు బోధించుచు మా సంగతి దాచుట న్యాయము కాదు.

మా సంఘములో ఒక వృద్ధుడున్నాడు. మేకలను మేపుకొని జీవించినవాడు. అతడు ముందు వరుసలో చాపమీద కూర్చుండి, ప్రసంగములో ప్రతి వాక్యముయొక్క కడపటి మాటను బిగ్గరగా తిరిగి పలుకుచుండెడివాడు. అబ్రాహాము బయలుదేరెనని మేమనగా, “బయలుదేరెను” అని అతడనును. ఎక్కడికో తెలియకయే వెళ్లెనని మేమనగా, “వెళ్లెను” అని అతడనును. మొదట చిరునవ్వు నవ్వుకొంటిమి. రెండేండ్లు గడచునప్పటికి, ఆదివారము ఉదయమున వాక్యమును గూర్చి కాక అతని గొంతును గూర్చి తలంచుచు మందిరమునకు పోవు స్థితికి వచ్చితిమి.

ఒక కోత పండుగనాడు పట్టణమునుండి అతిథులు వచ్చియుండిరి. ప్రసంగములో ముఖ్యమైన చోట అతడు మాట అందుకొనగా పిల్లలు కిసుక్కున నవ్విరి. అప్పుడు మేము, “తాతా, ప్రసంగం ఒక్కరు చేస్తే చాలదా?” అంటిమి. సంఘమంతయు నవ్వెను. అతడును నవ్వి తల వంచుకొనెను. ఆ దినము మొదలుకొని నోరు మెదపలేదు. మాకు నెమ్మది కలిగెను. నిజము చెప్పవలెనన్న, సంతోషించితిమి.

రెండు నెలలకు, పక్షవాతముచేత మంచములో నున్న అతని భార్యకొరకు ప్రార్థన చేయుటకు వారి యింటికి వెళ్లితిమి. ఆమె ఇట్లనెను: “అయ్యగారూ, ఇదివరకు ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి మీరు చెప్పిందంతా నాకు అప్పజెప్పేవాడండి. నేను గుడికి రాలేను గదా. ఈమధ్య ఏం చెప్పారని అడిగితే గుర్తుండటం లేదే అంటన్నాడు.”

వృద్ధుడు నేల చూచుచు, “చదువు రానోణ్ణి అయ్యగారూ. నోటితో అనుకుంటేనే నాకు నిలబడుద్ది. మీకు అడ్డమని తెలవక అన్నాను” అనెను.

అతని మాటలో నిష్ఠూరము లేదు. అందుచేతనే అది మాకు మరింత లోతుగా తగిలెను. రెండేండ్లు అతని గొంతు వింటిమి. ఎందుకని ఒక్కమారైనను అడుగలేదు. మేము విసిగికొన్న ఆ శబ్దము, మంచములో నున్న ఒక స్త్రీకి దేవుని వాక్యము నడిచిపోవు దారి. ఆ దారిని ఒక్క ఎగతాళితో మూసివేసితిమి.

అందరి ఎదుట సిగ్గుపరచితిమి గనుక, వచ్చిన ఆదివారమున అందరి ఎదుటనే క్షమాపణ వేడుకొంటిమి. అతడు క్షమించెను. మరల బిగ్గరగా అనుమని బ్రతిమాలితిమి. అతడు చిరునవ్వు నవ్వి ఊరకుండెను. ఇప్పుడు పెదవులు కదుపుచు తనలో తాను అనుకొనును. ఒక్క మాటతో నోరు మూయించవచ్చును గాని, పది మాటలతో దానిని తెరువలేమని నేర్చుకొంటిమి. అటుపిమ్మట ఆదివారము మధ్యాహ్నము మేమే వెళ్లి ఆమెకు ప్రసంగ సారము చెప్పుచు వచ్చితిమి. “ఆయన చెప్పినట్టు లేదండి” అని ఆమె నవ్వెడిది. ఆ వేసవిలోనే ఆమె ప్రభువునందు నిద్రించెను. రెండు నెలల వాక్యము ఆమెకు చేరకపోవుటకు కారణము మేమే.

4. ఏది సహింపవలెను? ఏది మాటలాడవలెను?

అన్నిటిని సహించుమని చెప్పుట సులభము; అది సత్యము కాదు. సంగతులను మూడు విధములుగా వేరుచేసికొనుట మంచిది.

మొదటిది, కేవలము అలవాటు. ఒకడు తినునప్పుడు చప్పుడు చేయును, ఒకతె నెమ్మదిగా నడుచును, ఒకడు చెప్పిన కథే చెప్పును. దీనివలన మనకు నష్టము లేదు, మన ఓర్పునకు పని మాత్రమే కలదు. దీనిని సహింపవలెను. తప్పిదమును చూచిచూడనట్లు విడుచుట మనిషికి ఘనతయని సామెతలు 19:11 బోధించుచున్నది. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తరాదు.

రెండవది, నిజముగా ఇబ్బంది కలిగించునది. మురుగునీరు మన వంటింటి గోడను తడుపుచున్నయెడల, ఊరకుండి లోలోపల ఉడికిపోవుట సహనము కాదు. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మార్గమే మేలు: నీవును అతడును మాత్రమే ఉండగా మాటలాడుము. కుళాయియొద్ద నలుగురు వినగా కాదు, ప్రార్థనలో దెప్పిపొడుచుట కాదు, సంఘపు ఫోను గుంపులో వ్రాయుట కాదు. “వదినా, ఈ నీళ్లు ఇటు వస్తున్నాయి, చిన్న కాలవ తీద్దామా, మా అబ్బాయి పార పడతాడు” అని పలికినయెడల, పని సగము జరిగినట్లే.

మూడవది, అన్యాయము. భార్యను కొట్టుట, కూలివాని కూలి నిలిపివేయుట, కులము పేరుతో అవమానించుట చిన్న విసుగులు కావు. కోత కోసినవారి కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది. దెబ్బలు తినుచున్న సహోదరికి కొలొస్సయుల పత్రిక చూపి “సహించుము తల్లీ” అని చెప్పువాడు వాక్యమును దుర్వినియోగపరచుచున్నాడు. అట్టి చోట పెద్దలు లేచి ఆమె పక్షమున నిలువవలెను. చట్టపు సహాయమునకు పోవలసి వచ్చినను ఆమెను ఆపరాదు.

మన కష్టమేమనగా, మనము దీనిని తలక్రిందులు చేయుదుము. మూడవదానిని చూచి మౌనముగా నుందుము. మొదటిదానిని గూర్చి ఊరంతయు చెప్పుదుము.

5. మనమును ఒకరికి విసుగే

మనుష్యులు పలుకు ప్రతి మాటను లక్ష్యపెట్టవద్దని ప్రసంగి 7వ అధ్యాయము చెప్పి, వెంటనే కారణము చూపుచున్నది: నీవును అనేకమారులు ఇతరులను నిందించితివని నీ మనస్సునకే తెలియును. మన గురక మనకు వినబడదు. మన అలవాట్లు మనకు అలవాట్లుగా తోచవు, న్యాయముగా తోచును.

వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించువాని దీవెన శాపముగా ఎంచబడునని సామెతలు 27:14 తెలుపుచున్నది. ఈ వచనమును మా గుడి గోపురముమీది మైకు క్రింద నిలిచి చదువుకొంటిమి. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బయట మైకులు వాడుటకు సాధారణముగా అనుమతి లేదు. ఇతరుల మైకులను గూర్చి ఈ నియమము మనకు బాగుగా జ్ఞాపకముండును. క్రిస్మసు నెలలో వేకువజామున మన పాటలు మ్రోగునప్పుడు, రాత్రి పని చేసి వచ్చినవాడును, పసిబిడ్డ తల్లియు, పరీక్షలకు చదువు పిల్లవాడును మనకు జ్ఞాపకమురారు. మంచి పాటయైనను ఇతరుల నిద్రమీద పాడినయెడల సువార్త కాదు.

ఇట్లుండగా మనలను ఎవరు సహించుచున్నారు? కొలొస్సయులకు 3:13లో సహించుటకు వాడబడిన గ్రీకు క్రియయే, మత్తయి 17:17లో ప్రభువు తన చుట్టునున్నవారిని ఎంతకాలము సహింపవలెనని అడుగుచోట వాడబడినది. ప్రభువునకును విసుగు పుట్టించు శిష్యులుండిరి. కడపటి భోజనపు బల్లయొద్దనే వారు తమలో ఎవడు గొప్పవాడని వాదించిరి. ఆయన వారిని బల్లనుండి లేపివేయలేదు. ఆ సహనముమీదనే నేడు మనము ఆయన బల్లయొద్దకు వచ్చుచున్నాము. కాబట్టి ప్రక్కవాని దగ్గును సహించుట మనము చేయు గొప్ప ఉపకారము కాదు. తీసికొన్న అప్పులో కొంచెము తీర్చుట మాత్రమే.

6. ఈ నెలలో అభ్యాసము

మీకు మిక్కిలి విసుగు పుట్టించు ఒక్కరిని తలంచుకొనుడి. వారముపాటు ప్రతిదినము పేరు చెప్పి ఆ వ్యక్తికొరకు ప్రార్థించుడి; మార్చుమని కాదు, దీవించుమని.

ఆ అలవాటునకు కారణమేమో, అతనిని నొప్పింపక, తెలిసికొనుడి.

విసుగు రేగిన గడియలో జవాబియ్యకుడి. జ్వరము దిగిన తరువాత మాటలాడుడి.

భోజనమైన తరువాత ఇంటివారిని, “నాలో మీకు విసుగు పుట్టించునది ఏది?” అని అడుగుడి. వారు చెప్పినప్పుడు జవాబు చెప్పకుడి.

కూడికలలో ఆలోచించుటకు ప్రశ్నలు

(1) మోషే దుఃఖములో ఉన్నాడని గ్రహించినవారు కాదేషులో ఎవరైన ఉండిరా? మన యింటిలో నేడు అలసియున్నవారెవరు?

(2) పౌలు మార్కును గూర్చి మనస్సు మార్చుకొనుటకు ఏమి కారణమై యుండును?

(3) మన సంఘములో మౌనమైపోయిన గొంతు ఏదైనను ఉన్నదా? దానిని మూయించినవారెవరు?

ప్రార్థన

ప్రభువా, గొప్ప శోధనలలో మమ్మును నిలిపినవాడవు నీవే. చిన్న సంగతులలో మా నాలుకను కాపాడుము. మేము విసిగికొను శబ్దములో నీవు వినుచున్నదేమో మాకు తెలియజేయుము. మమ్మును సహించుచున్నవారిని దీవించుము. ఆమేన్.